అరవై దాటాక బరువులెత్తొచ్చా? వాకింగ్ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను, జిమ్ కోచ్‌ని అసలే కాను. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కుర్చీకి అతుక్కుపోయి, రిటైరయ్యాక తిరుపతిలో ఉంటున్న 66 ఏళ్ల మనిషిని. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ వైపు నడిచే వందలాది మందిలో ఒకణ్ణి. నడక అయ్యాక చెట్టు కింద రబ్బరు బ్యాండు, రెండు నీళ్ల సీసాలు బయటికి తీసి నా తంటాలేవో నేను పడుతుంటే, జనం ఆగి అడుగుతున్నారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడితే నాకు నోటి శ్రమ తగ్గుతుందని ఈ పని పెట్టుకున్నా.

రోజూ గంట నడుస్తున్నా కదా, అది చాలదా?

నేనూ పన్నెండేళ్లు అదే అనుకున్నా. రెండేళ్ల కిందట చిత్తూరు దగ్గర పల్లెలో బంధువుల గృహప్రవేశం. టేబుళ్లు లేవు, వరండాలో చాపలేసి అరిటాకులు పరిచారు. సంతోషంగా కూర్చున్నా, కడుపు నిండా తిన్నా, పాయసం రెండోసారి కూడా వేయించుకున్నా. లేవబోతే లేవలేకపోయా. ఒక చెయ్యి నేలకు ఆనించా, రెండోది పక్కాయన భుజమ్మీద వేశా, అయినా తొడలు మాట వినలేదు. చివరికి ఇద్దరు మేనల్లుళ్లు చెరో రెక్క పట్టుకుని లేపారు. రోజుకు ఆరు కిలోమీటర్లు నడిచే మనిషిని అంతమంది ముందు సంచీని ఎత్తినట్టు ఎత్తారు. ఆ సిగ్గే నన్ను ఈ దారి పట్టించింది, ఆరోగ్య స్పృహ గట్రా తర్వాత వచ్చినవి.

నడక గుండెకు మంచిది, ఊపిరితిత్తులకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకు ఇంకా మంచిది. దాన్ని మానమని ఎవరూ చెప్పరు. కానీ చదును నేల మీద నడవడానికి తొడకండరాలు వాటి బలంలో కొంచెమే వాడతాయి. నేల మీంచి లేవడానికి, మెట్టెక్కడానికి, కాలు జారినప్పుడు పడకుండా నిలదొక్కుకోవడానికి కావాల్సిన బలం వేరు, అది నడకతో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్లకు మూడు చెప్పింది: వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామం, కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం, మూడు రోజులు ఒళ్లు తూలకుండా నిలబెట్టే అభ్యాసం. మనం మొదటిది చేసి మిగతా రెండూ చేసేసినట్టే లెక్క రాసుకుంటున్నాం.

వయసైతే కండ తగ్గడం మామూలే కదా, దానికింత టెన్షన్ ఎందుకు?

తగ్గడం మామూలే. ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుందని, అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుందని లెక్క. దీనికి సార్కోపీనియా అనే పేరు 1989లో వచ్చింది. కండ కన్నా బలం ఇంకా తొందరగా పోతుంది. అందులోనూ చటుక్కున స్పందించే కండపోగులు ముందు సన్నబడతాయి. బాత్రూంలో కాలు జారినప్పుడు రెండో కాలు ఠక్కున ముందుకు పడాలి చూడండి, ఆ పని చేసేవి అవే.

బరువు చూసుకుని మోసపోవద్దు. కండ తగ్గి ఆ చోట కొవ్వు చేరితే కాటా మీద అంకె మారదు. "ఇరవై ఏళ్లుగా 70 కిలోలే" అని నేను గొప్పలు చెప్పుకున్నవాణ్ణే.

నాకు బలం తగ్గిందో లేదో ఇంట్లో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, ఖర్చు లేదు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకండ్లలో పూర్తిగా లేచి కూర్చోవడం ఎన్నిసార్లు అవుతుందో పక్కనున్నవాళ్లను లెక్కపెట్టమనండి. 60-64 ఏళ్ల మగవాళ్లు 14 కన్నా తక్కువ, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే బలం తక్కువున్నట్టు. 65-69లో మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 11. 70-74లో 12, 10. 75-79లో 11, 10. చేతులు ఆనిస్తే తప్ప లేవలేకపోతే సున్నా కింద లెక్క.

గృహప్రవేశం అవమానం తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర నేను చేసింది తొమ్మిది. అప్పటికి నాకు 64. ఇప్పుడు పదిహేడు చేస్తున్నా.

ఇంకో గుర్తు చేతి పట్టు. పట్టు కొలిచే చిన్న పరికరం ఫిజియోల దగ్గర ఉంటుంది. మన ఆసియా వాళ్లకు మగవాళ్లలో 28 కిలోలు, ఆడవాళ్లలో 18 కిలోల కన్నా తక్కువ వస్తే ఆలోచించాల్సిందే. ఊరగాయ జాడీ మూత తియ్యలేక మనవణ్ణి పిలుస్తున్నారంటే పరికరం లేకుండానే సగం జవాబు దొరికినట్టు.

ఈ వయసులో చేస్తే మాత్రం కండ పెరుగుతుందా?

పెరుగుతుంది. అమెరికాలో 1990లో తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమంది చేత, అదీ వృద్ధాశ్రమంలో ఉంటున్నవాళ్ల చేత, ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించి చూశారు. బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే రెండింతలు దాటి దాదాపు మూడింతలకు చేరింది. తొడకండ కూడా 9 శాతం దాకా పెరిగింది. పదిమందే కదా అనుకుంటే, 1994లో వందమందితో ఇంకోటి చేశారు. సగటు వయసు 87. పది వారాల్లో బలం రెట్టింపు దాటింది, మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగింది.

మొదటి ఐదారు వారాల్లో కండ పెద్దగా పెరగదు, నరాలు కండను సరిగ్గా పిలవడం నేర్చుకుంటాయి. అందుకే అద్దంలో తేడా కనపడకముందే మెట్ల దగ్గర తెలుస్తుంది. నాకు మొదట తేడా తెలిసింది బస్సులో. చెయ్యి పట్టుకోకుండానే సీట్లోంచి లేచేశా, లేచాక గుర్తొచ్చింది.

జిమ్‌కే పోవాలా? అక్కడంతా పిల్లోళ్లు, ఆ పాటల హోరు...

పోనక్కర్లేదు. పోగలిగితే మంచిదే, ఎందుకంటే అక్కడ బరువులు కొంచెం కొంచెంగా పెంచుకునే వీలుంటుంది, మిషన్ల మీద పడిపోయే భయం తక్కువ. పదకొండు, పన్నెండు గంటలప్పుడు పోతే జిమ్ ఖాళీగా ఉంటుంది, పాటల గోల కూడా తగ్గించమంటే తగ్గిస్తారు. కోచ్‌కు మీ బీపీ, మోకాలు, ఆపరేషన్లు అన్నీ ముందే చెప్పండి. "ఏం కాదు అంకుల్, లేపండి" అనే కుర్రాడు తగిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్ పరికరాల గురించి కూడా అడుగుతున్నారు. ఒళ్లు కదలడానికి పర్లేదు గానీ చాలావాటిలో బరువు పెంచే వీలు ఉండదు, అటూ ఇటూ ఊగి ఫోటో దిగడానికే బాగుంటాయి.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పండి.

నేను చేసేది చెప్తా. వారానికి మూడు రోజులు, ఒకరోజు విడిచి ఒకరోజు, అరగంట.

మొదటిది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మన పాత బస్కీలకు ముసలితనపు రూపం అనుకోండి. పదిసార్లు, కొంచెం ఆగి మళ్లీ పది. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. సగం లాభం ఆ దిగడంలోనే ఉంది. కొండ నుంచి నడిచి దిగినప్పుడు తొడలు గజగజ వణకడం మీకు అనుభవమే కదా, ఎక్కేటప్పుడు ఆయాసం గుండెకు, దిగేటప్పుడు పరీక్ష తొడలకు. పది సులువైపోయాక ఒళ్లో ఏదో ఒక బరువు పట్టుకోండి. నేను రెండు లీటర్ల సీసాతో మొదలుపెట్టి ఇప్పుడు పది కిలోల బియ్యం సంచి దాకా వచ్చా.

రెండోది గోడకు దండీలు. గోడకు మూరెడు దూరంలో నిలబడి అరచేతులు ఆనించి ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కు తొయ్యడం. కొన్నాళ్లకు గోడ బదులు వంటింటి గట్టు, ఆ తర్వాత కదలని బల్ల.

మూడోది లాగడం. రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు గట్టిగా కట్టి, మోచేతులు పక్కలకు ఆనేలా లాగాలి. బావిలో చేద లాగిన తరానికి ఇది చెప్పనక్కర్లేదు. వీపు వంగిపోకుండా కాపాడేది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

నాలుగోది నేల మీంచి బరువు ఎత్తడం. సంచిని రెండు పాదాల మధ్య పెట్టుకుని, నడుం నిటారుగా ఉంచి, తుంటి వెనక్కు తోసి, మోకాళ్లు కొంచెం వంచి, సంచిని ఒంటికి దగ్గరగా ఉంచుకుని లేవాలి. వీపు విల్లులా వంచి ఎత్తితే నడుం పట్టేస్తుంది. మొదట ఎవరైనా తెలిసినవాళ్లు పక్కన నిలబడి చూస్తే మంచిది, నేను నెలరోజులు ఫిజియో ముందే చేశా.

తర్వాత మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడడం ఇరవైసార్లు, గట్టు పట్టుకుని. చివర్లో ఒంటికాలి మీద నిలబడడం, గోడ పక్కనే. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ నడవడం కూడా మంచిదే, పట్టు పెరుగుతుంది. కూరగాయలకు పోయినప్పుడు ఆటో కొంచెం దూరంలో దిగితే అదీ అయిపోతుంది.

ఇవికాక వారానికోసారి నేల మీద కూర్చుని లేవడం అభ్యాసం చేస్తా. దానికో కిటుకుంది. ముందు పక్కకు తిరిగి రెండు చేతులూ నేల మీద పెట్టి, మోకాళ్ల మీదికి రావాలి. ఒక పాదం ముందుకు తెచ్చి నేల మీద ఆనించాలి. ఒక చెయ్యి ఆ మోకాలి మీద, రెండోది కుర్చీ మీద వేసి లేవాలి. ఇది నేర్చుకుంటే రేపు ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పడిపోయినా, దెబ్బ తగలకపోతే, సాయం కోసం గంటలు గంటలు ఎదురుచూడాల్సిన పని ఉండదు.

ఎంత బరువు ఎత్తాలి?

పది పన్నెండుసార్లు ఎత్తితే చివరి రెండు మూడు కష్టంగా అనిపించేంత. అంతకంటే ఖచ్చితమైన అంకె చెప్పలేను, మనిషిని బట్టి మారుతుంది. పన్నెండోసారి కూడా కబుర్లు చెప్తూ ఎత్తుతున్నారంటే బరువు చాలడం లేదు. ఐదోసారికే ముఖం ఎర్రబడి ఆకారం చెడుతోందంటే ఎక్కువైంది. మొదటి రెండు వారాలు మాత్రం కావాలనే తక్కువతో చెయ్యండి, కండ కన్నా కీళ్లు, స్నాయువులు అలవాటు పడడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాయి.

అసలు తప్పు అంతా ఇక్కడే జరుగుతోంది. అరకిలో గులాబీ రంగు డంబెల్స్ కొనుక్కుని రెండేళ్లు అవే ఊపుతారు. ఒంటికి కొత్త బరువు తగిలితేనే కొత్త కండ కడుతుంది.

మోకాళ్లు అరిగిపోయాయి, చేస్తే ఇంకా అరగవా?

అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మోకాలి కీలు అరుగుదలకు తొడ ముందు కండరాన్ని బలపరచడమన్నది వైద్యంలో మొదటి వరసలో ఉన్న సలహా, చివరి వరసలోది కాదు. ఆ కండ గట్టిగా ఉంటే అడుగు పడినప్పుడు తగిలే అదురులో కొంత అది మింగేస్తుంది, కీలు మీద పడేది తగ్గుతుంది. నొప్పి అని కదలడం మానేస్తే కండ పోతుంది, కండ పోతే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఇంకా మానేస్తాం. ఈ గానుగలో తిరిగేవాళ్లు మన వీధికి పదిమంది.

ఎత్తు కుర్చీతో మొదలుపెట్టండి. సీటు మీద దిండు వేసుకుంటే మోకాలు తక్కువ వంగుతుంది. అదీ కష్టమైతే కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి ఐదు సెకండ్లు బిగబట్టి దించండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి పర్లేదు, పదిలో మూడు నాలుగు లోపు ఉండి మర్నాటికి మామూలైపోవాలి. మోకాలు వాచినా, వేడెక్కినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టున్నా ముందు చూపించుకోండి. తిరుపతిలో బర్డ్, స్విమ్స్ ఆసుపత్రులు ఉండనే ఉన్నాయి, చిత్తూరు వైపు వాళ్లు ఎటూ వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతూనే ఉంటారు. ఎక్కడికి పోయినా మాత్రలు, ఇంజక్షన్ రాయించుకుని రావడమే కాకుండా "ఫిజియోకు రాయండి సార్" అని నోరు తెరిచి అడగండి.

బీపీ ఉంది, స్టెంట్ కూడా వేశారు. నాకు కుదురుతుందా?

చాలామందికి కుదురుతుంది, కానీ మీ డాక్టర్ని అడిగాకే. స్టెంటో బైపాసో అయినవాళ్లకు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత దాకా పోవాలి అన్నది కార్డియాలజిస్టే చెప్పాలి. బీపీ మందులతో అదుపులో ఉంటే మామూలుగా ఇబ్బంది లేదు, క్రమం తప్పకుండా చేస్తే బీపీ కొంచెం తగ్గుతుంది కూడా. ఆ రోజు 180/110 దాటి ఉంటే మాత్రం వ్యాయామం సంగతి వదిలేసి డాక్టర్ సంగతి చూడండి.

ఊపిరి బిగబట్టడం మహా చెడ్డ అలవాటు. బరువెత్తుతూ ఊపిరి బిగిస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీనికి మన ఊరి మందు ఒకటి కనిపెట్టా. లేచేటప్పుడల్లా నోరారా "గోవిందా" అనండి. నోరు తెరిచి పలుకుతుంటే ఊపిరి బిగపట్టడం కుదరదు, లెక్క కూడా తప్పదు. దర్గాకు పోయే మా మిత్రుడొకాయన తన దేవుణ్ణి తలుచుకుంటాడు, ఊపిరికి తేడా ఏం లేదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి, కళ్లు తిరగడం, ఎన్నడూ లేనంత ఆయాసం, గుండె దడ లయ తప్పడం, వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి. గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు.

షుగర్ ఉన్నవాళ్లకు?

మీకే ఎక్కువ లాభం. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరను రక్తం నుంచి పీల్చుకునే పెద్ద గిడ్డంగి కండే. గిడ్డంగి చిన్నదైతే సరుకు రోడ్డు మీదే ఉంటుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం పరగడుపున చెయ్యొద్దు, మొదలుపెట్టేముందు షుగర్ 100 కన్నా తక్కువుంటే ఏదైనా తినండి, జేబులో గ్లూకోజో బెల్లం ముక్కో ఉంచుకోండి. పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో చెయ్యకూడదు. కంటి లోపలి పొర షుగర్ వల్ల బాగా దెబ్బతిన్నవాళ్లు బరువుల జోలికి పోయేముందు కంటి డాక్టర్ మాట తప్పనిసరి.

శుక్లాల ఆపరేషన్ అయింది. హెర్నియా ఉంది.

డాక్టర్ సరేననే దాకా ఆగండి.

ఆడవాళ్లకెందుకు ఇవన్నీ? ఇంటి పని చాలదా? పైగా కండలొస్తే బాగుంటుందా?

కండలు రావు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లే గుడ్లు మింగి రెండు పూటలా జిమ్‌లో చచ్చీచెడీ తెచ్చుకునేవి, అరవై ఏళ్ల అమ్మకు సీసాలెత్తితే వస్తాయా?

ఇంటి పని సంగతి. మా అమ్మ రోట్లో రుబ్బింది, తిరగలి తిప్పింది, నడుమ్మీద కడవతో నీళ్లు మోసింది, కింద కూర్చుని బోకులు తోమింది. అది నిజంగానే బరువుల వ్యాయామం. ఇప్పుడు గ్రైండరు, కొళాయి, నిలబడి వండే గట్టు వచ్చేశాయి. అలుపు మిగిలింది, బలం ఇచ్చే భాగం పోయింది. రోజంతా అటూ ఇటూ తిరిగి కాళ్లు పీకుతాయే గానీ తొడకు కొత్త బరువు తగలదు.

ఆడవాళ్లకు ఇంకా అవసరం అనడానికి కారణం ఎముకలు. ముట్లాగిన తర్వాత కొన్నేళ్లపాటు ఎముక వేగంగా పలచబడుతుంది. ఆస్ట్రేలియాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎముకలు పలచబడిన వందమందికి పైగా ఆడవాళ్లను తీసుకుని, అందులో కొందరి చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు గట్టి బరువులే ఎత్తించారు. వాళ్లకు నడుం ఎముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1 శాతం పైన తగ్గింది. వాళ్ల పక్కన శిక్షకులు నిలబడి చేయించారన్నది మర్చిపోవద్దు, ఒంటరిగా ఇంట్లో అంత బరువుతో ప్రయోగం చెయ్యడానికి ఇది కాదు. ఎముకలు బాగా పలచబడ్డాయని రిపోర్టు వచ్చినవాళ్లు బరువు పట్టుకుని ముందుకు వంగడం, నడుం మెలితిప్పడం మానుకోవాలి.

కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చింది. పాతికేళ్లైనా మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఐదు కిలోలెత్తుతామంటే ఇంకా "నీకెందుకు?" అంటూనే ఉన్నాం. మా ఆవిడను నేనూ అన్నా, ఇప్పుడు ఆమె నాకంటే ఎక్కువసేపు ఒంటికాలి మీద నిలబడుతోంది.

ఏం తినాలి? మేము గుడ్డు కూడా ముట్టం.

బరువులెత్తి చారన్నం తింటే ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలిచినట్టే. మన దేశపు లెక్కలో పెద్దవాళ్లకు కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వయసైనవాళ్లకు 1 నుంచి 1.2 దాకా మంచిదని ఈ రంగంలోని నిపుణులు చెబుతున్నారు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 70 గ్రాములు.

గుడ్డుకు 6 గ్రాములు. గ్లాసు పాలకు 6, 7. గుప్పెడు చెనక్కాయలకు 7, 8. యాభై గ్రాముల కందిపప్పో పెసలో ఉడికిస్తే 11 దాకా. వంద గ్రాముల పన్నీరుకు 18. ఉలవల్లో వందకు 22 దాకా ఉంటుంది, మన వైపు వాటిని ఎద్దులకు పెట్టి మనం మానేశాం. రాగుల్లో వందకు 7 గ్రాములే ప్రోటీన్, కాల్షియం మాత్రం 340 మిల్లీగ్రాములకు పైనే, కాబట్టి సంగటి ఎముకకు మంచిది, కండకు దానిపక్కన నాటుకోడి పులుసో, గట్టి పప్పో, ఊరుబిండో (చెనక్కాయల పచ్చడి) ఉండాలి. మన పెద్దోళ్లు ఎందుకు అలా జత కట్టారో గానీ జత మాత్రం కుదిరింది. ఇబ్బందల్లా రాత్రిపూట "తేలిగ్గా" అని రెండు ఇడ్లీలతో సరిపెట్టే అలవాటుతో. రెండు ఇడ్లీల్లో నాలుగు గ్రాములు ఉంటే గొప్ప. ఒక గ్లాసు పాలో కప్పు పెరుగో చేర్చుకోండి.

ప్రోటీన్ పొడి తప్పనిసరి కాదు, విషమూ కాదు. ఆకలి బాగా తగ్గినవాళ్లకు, పళ్లు లేనివాళ్లకు పనికొస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొడి సంగతి అటుంచి, పప్పు పెంచాలన్నా డాక్టర్ని అడగాల్సిందే.

యోగా చేస్తున్నా, అది సరిపోతుందా?

ఒళ్లు వంగడానికి, తూలకుండా ఉండడానికి, మనసు కుదుటపడడానికి చాలా మంచిది. ఉత్కటాసనం, వీరభద్రాసనం లాంటివి ఎక్కువసేపు నిలిపితే తొడలకు పనే. కానీ లాగే పని యోగాలో లేదు, బరువు పెంచే వీలూ తక్కువ. రెండూ చెయ్యండి. ప్రాణాయామం మాత్రమే చేసి యోగా చేస్తున్నానంటే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నా, లేచాక కాళ్లు తేలిపోతున్నాయి.

2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే, ఒక్క కాళ్ల నుంచే దాదాపు కిలో కండ పోయింది. ఏ జబ్బూ లేకుండానే! డెంగీతో పడుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. జ్వరం తగ్గగానే పాత బరువు అందుకోవద్దు. మొదటి రెండు రోజులు మంచం అంచున కూర్చుని లేవడం, తర్వాత సగం బరువు, రెండు మూడు వారాల్లో పాతచోటికి. ఒకసారి కట్టిన కండ రెండోసారి తొందరగా తిరిగొస్తుంది.

ఏ వేళ చెయ్యాలి? ఎండల్లో?

మీకు కుదిరిన వేళ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి 40 దాటుతుంది, అప్పుడు ఇంట్లో ఫ్యాన్ కింద పొద్దున ఏడు లోపు అయిపోవాలి. తిన్న వెంటనే వద్దు. నిద్ర లేచిన వెంటనే నడుం బిగుసుకుని ఉంటుంది, కాఫీ తాగి కాసేపు తిరిగాక మొదలుపెట్టండి.

నడిచి కొండెక్కాలని మొక్కు ఉంది. ఎన్ని నెలలు తయారవ్వాలి?

60 దాటినవాళ్లు, షుగర్, బీపీ, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు నడకదారిన రావడం మంచిది కాదని టీటీడీ 2024లో చెప్పింది. అది విని, గుండె పరీక్ష చేయించుకుని, అయినా పోవాలనుకుంటే అప్పుడు మాట్లాడదాం. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే గానీ దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, అంటే ఏటవాలు ఎక్కువ. పెద్దవయసు వాళ్లకు తక్కువ మెట్లని శ్రీవారి మెట్టు చెప్తుంటారు, నేనైతే మధ్యలో చదును నడక దొరికే అలిపిరే అంటా. అందులోనూ చివర్లో మోకాళ్ల పర్వతం ఉందని గుర్తుంచుకుని ముందే ఒంట్లో కొంత మిగుల్చుకోవాలి.

నేను ఆరు నెలలు తయారయ్యా. పైన చెప్పినవాటికి తోడు మేడ మెట్లు, మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, చివర్లో వీపు మీద మూడు కిలోల సంచితో. పోయిన కార్తీకంలో ఆరు గంటలు పట్టింది, గాలిగోపురం దగ్గర అరగంట కూర్చున్నా. దిగడం బస్సులోనే. మొక్కులో దిగడం లేదు.

పిల్లలు వద్దంటున్నారు. "నాన్నా, ఈ వయసులో అవసరమా" అని.

మా అబ్బాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఇదే అన్నాడు. బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని పదిసార్లు లేచి చూపించి, "నువ్వు చెయ్" అన్నా. వాడు ఏడు దగ్గర ఆగాడు. వాడికి 34.

మా అమ్మకు 84, మంచం దిగడమే కష్టం. ఆమె చేత కూడా చేయించొచ్చా?

చేయించొచ్చు, ఒకసారి డాక్టరుకో ఫిజియోకో చూపించి. మొదట పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద దుప్పటి చుట్ట పెట్టి కాలు చాపి నిలపడం. తర్వాత మంచం అంచున కూర్చుని, ముందు బరువైన కుర్చీ పెట్టుకుని, దాన్ని పట్టుకుని లేవడం. రెండుసార్లు లేచినా రెండే, మర్నాడు మూడు అవుతుంది. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే, రెక్క పట్టి లాగకుండా నడుం దగ్గర చెయ్యి వెయ్యాలి.

చిత్తూరులో మా అత్తకు 81. పదిసార్లు లెయ్ అత్తా అంటే "నేనేమన్నా బడి పిల్లనా గుంజీలు తియ్యడానికి" అని కసిరింది. పది గోవిందలు చెప్పు, ఒక్కో గోవిందకు ఒకసారి లెయ్ అంటే ఒప్పుకుంది. ఇప్పుడు రోజూ చేస్తోంది. ఏడో గోవింద దగ్గర నుంచి గోవిందతోపాటు నన్ను కూడా తిట్టడం మొదలుపెడుతుంది, అంటే చివరి మూడు కష్టంగా ఉన్నట్టే కదా.